కాపలాదారు గేటు వద్ద ఆపిన కుర్రవాడే జట్టుకు దిక్కయ్యాడు

ఎంపిక జాబితాలో పేరు లేదు – ఓడిపోయే జట్టులో చోటు దొరికింది – 11 ఏళ్లలో 580 సార్లు బంతి అందుకొన్నాడు

అది 1995వ సంవత్సరం. అమెరికాలోని న్యూయార్క్ నగరాన్ని ఆనుకొని లాంగ్ ఐలాండ్ అనే పెద్ద దీవి ఉన్నది. ఆ దీవిలో హెంప్‌స్టెడ్ అనే ఊరు, ఆ ఊళ్లో హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయం ఉన్నాయి. న్యూయార్క్ జెట్స్ అనే పేరుగల ఫుట్‌బాల్ జట్టు ఆ రోజుల్లో ఈ విశ్వవిద్యాలయం ఆవరణలోనే సాధన చేసేది. కొత్త ఆటగాళ్లను పిలిపించి పరీక్షిస్తున్న రోజుల్లో ఒకనాడు ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు సాధన శిబిరం గేటు వద్దకు వచ్చి, తాను జట్టు ఆటగాణ్ణని, లోపలికి పోనివ్వమని అడిగాడు. కాపలాదారు అతణ్ణి ఎగాదిగా చూసి నమ్మలేదు. ఆటగాడు ఇలా ఉంటాడా అని అతని అనుమానం!

కాపలాదారును తప్పు పట్టలేము. కుర్రవాడి ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు సుమారు 85 కిలోలు. మన ఊళ్లలో ఇది నిండైన విగ్రహమే. కాని ఆ ఆటలో ముందు వరుసలో నిలబడే వారి బరువు 130, 140 కిలోల దాకా ఉంటుంది. వారి మధ్య ఇతడు చదువుకొనే పిల్లవాడిలా కనిపించాడు. నిజానికి అతడు ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకొన్నవాడు.

ఆ కుర్రవాడి పేరు వేన్ క్రెబెట్. గేటు వద్ద ఆగిపోవలసిన ఆ కుర్రవాడు ఆ జట్టులో 11 ఏళ్లు ఆడాడు. 580 సార్లు బంతిని గాలిలో అందుకొన్నాడు. అలా జట్టును మొత్తం 7,365 గజాలు ముందుకు నడిపించాడు. అంటే నాలుగు మైళ్ల పైచిలుకు దూరం! అదీ ఒక్కసారిగా కాదు, పది గజాలు, పన్నెండు గజాలు చొప్పున, ప్రతి గజానికీ ఒంటిమీద దెబ్బ తింటూ నడిచిన దూరం.

ఎకరం పైచిలుకు నేల కోసం పోరు

ఫుట్‌బాల్ అనగానే మన పాఠశాలల పిల్లలు కాలితో తన్నే ఆట గుర్తుకు వస్తుంది. అమెరికా వారు ఫుట్‌బాల్ అని పిలిచేది వేరే ఆట. ఇందులో బంతిని ఎక్కువగా చేతులతోనే విసురుతారు, చంకన పెట్టుకొని పరుగెత్తుతారు. బంతి కూడా గుండ్రంగా ఉండదు. నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది.

మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల పైన. మన లెక్కలో చెప్పాలంటే ఒక ఎకరం పది సెంట్ల నేల. రెండు చివరలా పదేసి గజాల చొప్పున గమ్యస్థలం అదనంగా ఉంటుంది. ఒక్కొక్క జట్టు నుంచి పదకొండు మంది బరిలో దిగుతారు. బంతితో అవతలి వారి గమ్యస్థలానికి చేరుకొంటే ఆరు పాయింట్లు. దానిని టచ్‌డౌన్ అంటారు.

అయితే ఆ చేరుకోవడంలోనే ఉంది తిరకాసు. బంతి చేతికి వచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరల నాలుగు అవకాశాలు వస్తాయి. లేకుంటే బంతి ఎదుటివారి పరమవుతుంది. మామూలుగా మూడవ అవకాశం కూడా తప్పిపోతే, నాలుగవ దానిలో బంతిని దూరంగా తన్ని వదులుకొంటారు. కనుక అసలు పరీక్ష మూడవ అవకాశం వద్దే. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు చివరి ఊపిరితో గీత తాకవలసిన ఘట్టం వంటిది ఇది.

బంతి విసిరే వాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. దూరంగా పరుగెత్తి ఆ బంతిని అందుకొనే వాణ్ణి రిసీవర్ అంటారు. క్రెబెట్ రిసీవర్. ఈ పనికి కాళ్లలో వేగం ఒక్కటే చాలదు. ఎన్ని అడుగులు వేసి ఏ చోట మలుపు తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. రిసీవర్ ఇంకా తిరగక ముందే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేస్తాడు. ఒక అడుగు తక్కువైనా, ఎక్కువైనా బంతి ఎదుటివాడి చేతిలో పడుతుంది. మైదానం అంచున పరుగెత్తేవాడికి గీత దాటి తప్పించుకొనే వీలుంటుంది. మధ్యలోకి చొరబడేవాడికి ఆ వీలు లేదు. కళ్లు బంతి మీద ఉండగా, వంద కిలోల పైబడిన మనిషి పరుగున వచ్చి ఏ పక్కనుంచి గుద్దుతాడో తెలియదు. పొడగరులు, వేగం గలవారు వెనుకాడే ఆ మధ్య స్థలమే క్రెబెట్‌కు బతుకుతెరువు అయింది.

249 పేర్లలో అతని పేరు లేదు

క్రెబెట్ 1973 ఆగస్టు 14న న్యూజెర్సీ రాష్ట్రంలోని గార్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. న్యూజెర్సీ పేరు మన పల్లెలకు కొత్త కాదు. ఆ రాష్ట్రంలోని ఎడిసన్ వంటి పట్టణాలలో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. న్యూయార్క్ పేరు పెట్టుకొన్న జెట్స్ జట్టు సొంత మైదానం కూడా 1984 నుంచీ న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోనే ఉన్నది. గార్‌ఫీల్డ్‌కు అది కొద్ది మైళ్ల దూరం. అంటే ఈ కుర్రవాడు పుట్టిన ఊరు ఆ మైదానానికి పొరుగున, చదివిన చోటు ఆ జట్టు సాధన స్థలంలో. అయినా ఆ జట్టు తలుపు మాత్రం అతనికి చాలా దూరంలోనే ఉండినది.

కారణం అక్కడి ఎంపిక పద్ధతి. అమెరికాలో వృత్తి ఆటగాళ్లను ఏటా వసంతకాలంలో డ్రాఫ్ట్ అనే పద్ధతిన ఎన్నుకొంటారు. మన వారికి తెలిసిన ఐపీఎల్ వేలం వంటిదే అనుకోవచ్చు గాని, ఇందులో పాట ఉండదు. జట్లు వరుసగా ఒక్కొక్క పేరు చెప్పి తమకు కావలసిన ఆటగాణ్ణి తీసుకొంటాయి. కిందటి ఏడాది అందరికంటే అడుగున నిలిచిన జట్టుకు మొదటి అవకాశం, పోటీలో నెగ్గిన జట్టుకు చివరి అవకాశం. బలహీనుడు కోలుకోవాలన్నది ఇందులోని న్యాయం.

1995 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో 30 జట్లు ఏడు విడతలుగా 249 మందిని ఎన్నుకొన్నాయి. ఆ 249 పేర్లలో క్రెబెట్ పేరు లేదు.

ఆటలో తక్కువైనవాడా అంటే, కాదు. 1994లో డెలావేర్ విశ్వవిద్యాలయంతో జరిగిన ఒకే ఆటలో ఐదు టచ్‌డౌన్ బంతులు అందుకొన్నాడు. ఆ శ్రేణి కళాశాలల ఆటలో జెర్రీ రైస్ నెలకొల్పిన రికార్డుతో అది సమానం. జెర్రీ రైస్ అంటే ఆ ఆటలోకెల్లా గొప్ప రిసీవరని పేరు పొందినవాడు. అయినా హాఫ్‌స్ట్రా పెద్ద జట్ల శ్రేణిలోనిది కాదు. అక్కడ ఎంత బాగా ఆడినా, "చిన్న కళాశాలల మీద ఆడాడులే" అన్న మాటే వినిపిస్తుంది. దానికి తోడు పొడవు చాలదన్నారు.

డ్రాఫ్ట్‌లో పేరు రాని వారికి ఒక్క దారి మిగులుతుంది. ఏదో ఒక జట్టు సాధన శిబిరానికి పిలిస్తే వెళ్లి, అక్కడ మెప్పించాలి. శిబిరానికి చాలామందిని పిలుస్తారు. సెప్టెంబరులో ఆటలు మొదలయ్యేనాటికి 53 మందినే ఉంచుకొని తక్కినవారిని ఇంటికి పంపుతారు. పేరు లేకుండా వచ్చినవాడు తొలి రోజుల్లోనే సంచి సర్దుకోవడం మామూలు. జెట్స్ శిబిరంలో రిసీవర్ల పట్టీ రాసినప్పుడు క్రెబెట్ పేరు చిట్టచివరన ఉండినది.

జట్టు కష్టకాలమే అతనికి కలిసి వచ్చింది

జెట్స్ ఒకనాడు ఘనమైన జట్టే. 1969 జనవరిలో దేశం మొత్తానికి విజేతగా నిలిచింది. ఆ తర్వాత మరల అంతటి విజయం దానికి దక్కలేదు. 1994లో చివరి ఐదు ఆటలూ వరుసగా ఓడిపోయి, ఆరు గెలుపులు, పది ఓటములతో ముగించింది. ఒక్క ఏడాదికే శిక్షకుణ్ణి మార్చి, రిచ్ కోటైట్ అనే ఆయనను తెచ్చారు. జట్టులో పేరున్న రిసీవరు రాబ్ మూర్‌ను 1995 ఏప్రిల్‌లోనే అరిజోనా జట్టుకు ఇచ్చివేశారు.

ఈ విధంగా రిసీవర్ల వరుసలో చోటు ఖాళీ అయింది. బలమైన జట్టులో అయితే ఆ చోటుకు పేరుమోసినవారు పోటీ పడేవారు. ఓడుతున్న జట్టు కనుక, ఎవరు బాగా ఆడితే వారిని దింపక తప్పలేదు. క్రెబెట్ చేసినదల్లా ఒక్కటే. తన దగ్గరకు వచ్చిన బంతిని జారనివ్వలేదు. చెప్పిన చోటుకు చెప్పిన క్షణానికి చేరుకొన్నాడు. వారాలు గడిచిన కొద్దీ పట్టీలో అతని పేరు పైకి పాకింది. శిబిరం ముగిసి 53 పేర్లు ప్రకటించేనాటికి అతని పేరు అందులో ఉన్నది. అంతేకాదు, ఆటలు మొదలయ్యేసరికి బరిలో దిగే తొలి జట్టులోనే చోటు సంపాదించాడు.

ఆ ఏడాది జెట్స్ 16 ఆటలు ఆడి మూడే గెలిచింది. పదమూడు ఓడింది. అభిమానులు తలవంచుకొని ఇళ్లకు వెళ్లేవారు. ఆ చీకటిలోనే ఈ కొత్త కుర్రవాడు 66 సార్లు బంతి అందుకొన్నాడు. 726 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు సాధించాడు. మూడవ అవకాశం వచ్చి, జట్టు పది గజాల కోసం కొట్టుమిట్టాడుతున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ కళ్లు పచ్చచొక్కా మీది 80వ నంబరు కోసం వెతకడం అలవాటైంది.

ఒక్క విజయమే దక్కిన ఏడాది

మరుసటి సంవత్సరం, 1996, ఇంకా ఘోరం. అడుగున నిలిచిన జట్టు కనుక డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి అవకాశం జెట్స్‌కే వచ్చింది. దేశంలో ఎవరిని కావాలంటే వారిని తీసుకోవచ్చు. వారు కీషాన్ జాన్సన్ అనే రిసీవర్‌ను తీసుకొన్నారు. మంచి పొడగరి, బలిష్ఠుడు, పెద్ద విశ్వవిద్యాలయం నుంచి పెద్ద పేరుతో వచ్చినవాడు. ఒకే జట్టులో, ఒకే పనికి ఇద్దరు – ఒకడు దేశం మొత్తంలో మొదటి ఎంపిక, ఇంకొకడు ఎవరూ ఎంపిక చేయనివాడు.

ఏడాది ముగిసేసరికి జెట్స్ 15 ఆటలు ఓడి, ఒకే ఒక్క ఆట గెలిచింది. ఆ ఒక్కటీ అక్టోబరు చివరలో అరిజోనా మీద. ఆ ఏడాది కీషాన్ 63 బంతులు అందుకొన్నాడు. టచ్‌డౌన్లు మాత్రం ఎనిమిది చేసి ఆశలు నిలబెట్టాడు. క్రెబెట్ 84 బంతులు అందుకొన్నాడు. తొలి రెండేళ్లలో కలిపి 150. అప్పటిదాకా వృత్తి ఆటలో ఏ కొత్త ఆటగాడూ తొలి రెండేళ్లలో ఇన్ని అందుకోలేదు!

మరి దీనిని ఎలా చూడాలి? అనుమానించినవారు లేకపోలేదు. ఓడిపోయే జట్టు వెనుకబడి ఉంటుంది కనుక అస్తమానం బంతి విసురుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు అందుకోక తప్పదు, మంచి జట్టు అయితే ఇతనికి చోటెక్కడిది అనే వాదన ఒకటి ఉండేది. ఆ వాదనను తోసిపుచ్చడానికి వీల్లేదు. ఎండిన చెరువులో చేపపిల్ల కూడా పెద్దదిగా కనిపిస్తుంది. నీరు నిండినప్పుడు గాని దాని సంగతి తేలదు.

కీషాన్ జాన్సన్ 1997లో వెలువడిన తన పుస్తకంలో క్రెబెట్‌ను చులకన చేసి, జట్టుకు దిష్టిబొమ్మలా అదృష్టం కోసం పెట్టుకొనే బొమ్మ వంటివాడనే అర్థంలో రాశాడు. సాటి ఆటగాడే ఇలా రాయడం ఆ రోజుల్లో పెద్ద చర్చ అయింది.

నీరు నిండిన చెరువు

1997లో జెట్స్‌కు బిల్ పార్సెల్స్ శిక్షకుడుగా వచ్చారు. అంతకు ముందే రెండుసార్లు తన జట్టును దేశ విజేతగా నిలిపిన వ్యక్తి. ఆయన కఠినమైన మనిషి. పాతవారిని ఎందరినో తీసివేసి కొత్తవారిని తెచ్చుకొనే అలవాటు గలవారు. ఎవరూ కోరని ఆటగాణ్ణి తీసివేయడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు. కాని క్రెబెట్‌ను ఆయన ఉంచుకొన్నారు.

ఒక్క విజయం నుంచి జట్టు ఆ ఏడాది తొమ్మిది విజయాలకు చేరింది. 1998లో 12 గెలిచి నాలుగే ఓడింది. తమ విభాగంలో ప్రథమ స్థానం దక్కించుకొన్నది. ఆ ఏడాది క్రెబెట్ 75 బంతులు అందుకొని 1,083 గజాలు, ఎనిమిది టచ్‌డౌన్లు సాధించాడు. వెయ్యి గజాలు అంటే ఆ ఆటలో రిసీవరుకు శతకం వంటిది. కీషాన్ కూడా వెయ్యి దాటాడు. బొమ్మ అనిపించుకొన్నవాడు, ఆ మాట అన్నవాడు చెరొక పక్కా నిలిచి జట్టును గెలిపించారన్న మాట.

1999 జనవరి 17న డెన్వర్‌లో జరిగిన ఆట గెలిస్తే జట్టు అంతిమ పోటీకి వెళ్లేది. ఒక దశలో జెట్స్ పది పాయింట్ల ఆధిక్యంలో ఉన్నది. చివరకు 23–10 తేడాతో ఓడిపోయింది. ముప్పై ఏళ్ల నిరీక్షణ ఒక్క గంటలో చేజారిపోయిందని అభిమానులు కుమిలిపోయారు. అయినా ఒక సంగతి తేలిపోయింది. చెరువు నిండినప్పుడు కూడా ఆ చేప పెద్దదే.

నక్షత్రం – టార్చిలైటు

2000లో జెట్స్ వారు కీషాన్‌ను ఫ్లోరిడాలోని టాంపా బే జట్టుకు ఇచ్చివేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 24న ఈ రెండు జట్లూ టాంపాలో తలపడ్డాయి. అప్పటికి రెండూ మూడేసి ఆటలు ఆడి ఓటమి ఎరుగనివే. ఆటకు ముందు కీషాన్‌ను క్రెబెట్‌తో పోల్చబోగా, నక్షత్రాన్ని టార్చిలైటుతో పోలుస్తారా అనే ధోరణిలో అతడు మాట్లాడినట్లు పత్రికలు రాశాయి.

ఆట చివరి రెండు నిమిషాలకు వచ్చేసరికి టాంపా బే 17–6 ఆధిక్యంలో ఉన్నది. జెట్స్ ఒక టచ్‌డౌన్, దానికి తోడు రెండు పాయింట్లు సాధించి 17–14కు వచ్చారు. అంతలో టాంపా ఆటగాడి చేతి నుంచి బంతి జారి జెట్స్‌కు దొరికింది. ఇంకా 52 సెకన్లు ఉన్నాయనగా, మామూలుగా బంతి పట్టుకొని పరుగెత్తే కర్టిస్ మార్టిన్ పరుగెత్తబోతున్నట్లు నటించి, ఆగి బంతిని గమ్యస్థలంలోకి విసిరాడు. 18 గజాల అవతల ఆ బంతిని అందుకొన్నవాడు క్రెబెట్! జెట్స్ 21–17తో గెలిచింది. ఆ రోజు ఆట మొత్తం మీద కీషాన్ అందుకొన్నది ఒకే ఒక్క బంతి, నడిచినది ఒకే ఒక్క గజం.

చీకట్లో చేను గట్టు మీద నడిచేవాడికి దారి చూపేది ఆకాశంలోని చుక్క కాదు, చేతిలోని టార్చిలైటే. ఆ సంగతి మన రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. అయితే న్యాయంగా చెప్పుకోవాలంటే, కీషాన్ కూడా గొప్ప ఆటగాడే. తర్వాత రెండేళ్లకు టాంపా బే జట్టు దేశ విజేత కాగా, అతడు ఆ జట్టులో ముఖ్యుడు.

ప్రతి గజానికీ చెల్లించిన వెల

ఈ కథ ఇక్కడితో ఆపివేస్తే చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని అది సగం కథే అవుతుంది.

మైదానం మధ్యలోకి చొరబడి బంతి అందుకొనేవాడికి తలమీద దెబ్బలు తప్పవు. గట్టి హెల్మెట్ ఎముకను కాపాడుతుంది గాని, లోపల ఉన్న మెదడు కదలకుండా ఆపలేదు. పరుగున వచ్చి గుద్దినప్పుడు మెదడు లోపలే అదిరిపోతుంది. కళ్లు చీకట్లు కమ్మడం, ఎక్కడ ఉన్నదీ తెలియకపోవడం, రోజుల తరబడి తలనొప్పి – ఇవి ఆ దెబ్బ లక్షణాలు. ఒకదాని మీద ఒకటిగా ఇటువంటి దెబ్బలు క్రెబెట్‌కు తగిలాయి. 2003లో తలదెబ్బల వలన ఆ ఏడాది ఆట సగంలోనే ఆపవలసి వచ్చింది. ఇక చాలు అన్నవారు ఉన్నారు. అతడు మరల వచ్చాడు.

2005 నవంబరు 6న శాన్ డియాగో జట్టుతో ఆట. జెట్స్‌కు ఆ ఏడాది కూడా కష్టకాలమే. ఆట చివరి భాగంలో మూడవ అవకాశం వచ్చింది.  ఎప్పటిలాగే బంతి క్రెబెట్ వైపు వచ్చింది. అందుకొన్నాడు. కిందపడినప్పుడు తల నేలకు బలంగా తగిలి స్పృహ తప్పింది. బంతి మాత్రం చేయి జారలేదు. జట్టుకు కావలసిన గజాలు దక్కాయి. తోటివారు వచ్చి లేవదీసేదాకా అతడు కదలలేదు. ఆ ఆటలో జెట్స్ ఓడిపోయింది. అదే అతని ఆఖరి బంతి. 2006 వేసవిలో ఆట నుంచి విరమించుకొంటున్నట్లు ప్రకటించాడు. అప్పటికి అతని వయసు 32.

ఆ 2005వ సంవత్సరంలోనే మరొక సంఘటన జరిగింది. నైజీరియాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న బెనెట్ ఒమాలు అనే వైద్యుడు, మరణించిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి మెదడును పరీక్షించి, పదే పదే తగిలిన దెబ్బల వలన వచ్చే మెదడు జబ్బును గుర్తించినట్లు వైద్య పత్రికలో రాశారు. ఆ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ అనే పేరుమోసినవాడు. తొలుత ఆట పెద్దలు ఈ మాటను ఒప్పుకోలేదు. తర్వాత ఎందరో మాజీ ఆటగాళ్ల మెదళ్లలో ఇదే జబ్బు కనిపించింది. వేలాది మంది మాజీ ఆటగాళ్లు కోర్టుకు వెళ్లారు. వారికి పరిహారం చెల్లించే ఒప్పందానికి 2015లో న్యాయస్థానం ఆమోదం లభించింది. తలదెబ్బ తగిలిన ఆటగాణ్ణి వైద్యుడు సరే అనేదాకా బరిలోకి పంపరాదనే నియమాలు ఇప్పుడు కఠినమయ్యాయి. క్రెబెట్ ఆడిన రోజుల్లో, లేచి నిలబడగలిగితే చాలు, మరల ఆడు అనేవారే ఎక్కువ.

ఆట మానిన తర్వాత కూడా తలదెబ్బల ప్రభావం తనను వదలలేదని క్రెబెట్ చెప్పుకొన్నాడు. అయినా అతడు కూర్చుండిపోలేదు. డబ్బు పెట్టుబడుల వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరి, మరల మొదటి నుంచి పని నేర్చుకొన్నాడు.

ఆ గేటు ఇప్పుడు లేదు

జెట్స్ సాధన స్థలం 2008లో లాంగ్ ఐలాండ్ నుంచి న్యూజెర్సీకి తరలిపోయింది. ఆ మరుసటి ఏడాది, 2009 డిసెంబరులో హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయం వారు ఖర్చు భరించలేమని తమ ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేశారు. కాపలాదారు నిలబడిన గేటు వెనుక ఇప్పుడు ఆ జట్టూ లేదు, అతణ్ణి తయారు చేసిన కళాశాల జట్టూ లేదు.

2014లో జెట్స్ వారు తమ గౌరవ ఆటగాళ్ల వరుసలో క్రెబెట్ పేరు చేర్చారు. ఈస్ట్ రూథర్‌ఫర్డ్ మైదానంలో, అతడు పుట్టిన గార్‌ఫీల్డ్‌కు కొద్ది మైళ్ల దూరంలో ఆ సన్మానం జరిగింది. అతడు ఆట మానిన తర్వాత కూడా ఆ మైదానానికి 80 నంబరు చొక్కా వేసుకొని వచ్చిన అభిమానులు ఎందరో. ఇంటి నుంచి బయలుదేరి పనికి పోయే సామాన్యుడు తనను తాను ఆ చొక్కాలో చూసుకొన్నాడు.

1995 ఏప్రిల్‌లో ఎంపికైన ఆ 249 మందిలో చాలామంది పేర్లు ఈనాడు ఎవరికీ గుర్తులేవు. జాబితాలో లేని పేరు నిలిచింది. జట్టు ఓడిపోతున్నదని అతడు చిన్నగా ఆడలేదు, గెలుస్తున్నదని పెద్దగా మాట్లాడలేదు. మూడవ అవకాశంలో పది గజాలు కావలసి వచ్చినప్పుడు అక్కడ ఉన్నాడు. దానికి అతడు చెల్లించిన వెల ఎక్కువే. ఎంపిక కాని పిల్లలకు ఈ కథ చెప్పే పెద్దలు ఆ రెండు సంగతులూ కలిపే చెప్పవలసి ఉంటుంది – పట్టు విడవకుండా ఆడమని, తలకు దెబ్బ తగిలిన నాడు మాత్రం బరి దిగి బయటకు రమ్మని.